నీటి మీద ప్రయాణం, నడుమున కత్తి
(మన సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నెల రోజుల క్రితం ఫోను చేసి, "మీరు కెనడాలో దోనె ఎక్కి, అడవిలో మూడు రాత్రులు పడుకుని వచ్చారట కదా, దాని మీద ఒక పావుగంట మాట్లాడండి" అన్నారు. డి.ఎ. బకాయిల గురించీ, హెల్తు కార్డుల గురించీ నాకంటె బాగా మాట్లాడగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత ఒప్పుకున్నాను. అయితే ప్రయాణం అంతా చెప్పబోవడం లేదు. అక్కడి చెట్లు, సరస్సులు ఎంత అందంగా ఉన్నాయో చెబుతూ కూర్చుంటే భోజనాల వేళ దాటిపోతుంది. ఆ ప్రయాణంలోంచి ఒక్క అంశం తీసుకుంటాను. అది కత్తి. నీటి మీద వెళ్ళేటప్పుడు కత్తిని ఎక్కడ పెట్టుకోవాలి, ఎలా పెట్టుకోవాలి అన్నది. మీలో కొందరు నవ్వుతున్నారు. ముప్ఫై ఆరేళ్ళు ఫైళ్ళ మధ్య గడిపి సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన మనిషికి కత్తితో పనేమిటని మీకు అనిపించవచ్చు. చివరిదాకా వినండి. ఇది మన కార్తీక వనభోజనాల దాకా వచ్చే విషయం.

ముందు ఆ చోటు గురించి నాలుగు మాటలు. మా అమ్మాయి, అల్లుడు టొరంటోలో ఉంటారు. అక్కడికి కారులో సుమారు మూడు గంటల దూరంలో అల్గాంక్విన్ పార్కు ఉంది. పార్కు అనగానే మన మునిసిపల్ పార్కు అనుకోకండి. 1893లో ఏర్పాటు చేసిన రక్షిత అరణ్యం అది. సుమారు 7,600 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. అంటే మన పాత జిల్లా ఒకటి మొత్తం అడవీ సరస్సులూ అయిపోయిందనుకోండి. దానిని అడ్డంగా కోస్తూ ఒక రోడ్డు 56 కిలోమీటర్లు పోతుంది. ఆ రోడ్డు వదిలితే లోపలికి పోవడానికి నీటి దారులే ముఖ్యం. దోనె మీద పోయే దారులు రెండు వేల కిలోమీటర్లకు పైగా ఉన్నాయి. ఒక సరస్సు అయిపోగానే దోనెను తల మీద బోర్లించుకుని కాలిబాటన నడిచి, తరువాతి సరస్సులో దింపుతారు. ఆ కాలిబాటలకు పసుపు రంగు పలకలు, రాత్రి మకాం చేసే చోట్లకు నారింజ రంగు పలకలు చెట్లకు కొట్టి ఉంటాయి. బాట పొడవు మీటర్లలో రాసి ఉంటుంది. గవర్నమెంటు పని ఎక్కడైనా గవర్నమెంటు పనే. ఆ పలకలు చూడగానే నాకు సొంత ఊరు వెళ్ళినట్టనిపించింది.

దోనె మనకు కొత్తది కాదు. కొల్లేటి లంకల్లో తాటిమానుతో చేసిన దోనెలు మనం చూసినవే. అక్కడి మూలవాసులు భోజపత్రం జాతి చెట్టు బెరడుతో దోనెలు కట్టేవారు. ఆ పనికి వారి దగ్గర వంకర కత్తి ఒకటి ఉండేది. దానిని ఒక్క చేత్తో, అరచెయ్యి పైకి పెట్టి, తమవైపుకు లాక్కుంటూ చెక్కేవారు. అంటే అక్కడ దోనె పుట్టిందే కత్తి వల్ల. ఈ రోజు దోనెలు ప్లాస్టిక్‌తో, అల్యూమినియంతో, ఇంకా బలమైన కొత్త పదార్థాలతో చేస్తున్నారు. అయినా కత్తి లేకుండా ఎవరూ బయలుదేరరు. తాడు కోయడానికి, పొయ్యికి పుల్లలు చీల్చడానికి, చేప శుభ్రం చేయడానికి, ఉల్లిపాయ తరగడానికి అన్నిటికీ అదే. ఆ అడవి లోపలి మకాములకు డబ్బాలూ గాజు సీసాలూ తీసుకుపోనివ్వరు. అందుచేత తిండి అంతా సంచుల్లో, పొట్లాల్లో పోతుంది. ఆ పొట్లాలు విప్పడానికైనా కత్తి ఉండాలి.

2023 ఆగస్టులో మేము వెళ్ళాము. అప్పటికి నాకు డెబ్బై రెండు. మా ఆవిడ రానంది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళుతూ కచ్చులూరు దగ్గర మునిగిన పడవ గురించి టీవీలో చూసిన నాటినుంచి ఆవిడ పడవ పేరు ఎత్తనివ్వదు. "వెళితే మీరు వెళ్ళండి, పిల్లవాణ్ణి మాత్రం ఒంటరిగా వదలకండి" అని షరతు పెట్టి ఇంట్లో ఉండిపోయింది. పిల్లవాడంటే మా మనవడు. పన్నెండు నిండి పదమూడు నడుస్తోంది. రెండు దోనెలు అద్దెకు తీసుకున్నాము. ఒక దానిలో నేనూ మా అమ్మాయీ, రెండవ దానిలో అల్లుడూ మనవడూ.

బయలుదేరే ముందు రాత్రి ఇంట్లో పేచీ వచ్చింది. మనవడు దాచుకున్న డబ్బుతో ఒక కత్తి కొన్నాడు. జానెడు పొడవు, ఒకవైపు రంపపు పళ్ళు, పిడికి దారాలు, తోలు ఒర. దానిని దండలాగ మెడలో వేసుకుంటానంటాడు. ఏదో సినిమాలో అలా చూశాడు. వాళ్ళమ్మ అసలు కత్తే వద్దంటుంది. అల్లుడుగారు మధ్యలో నలిగిపోతూ, "మామయ్యగారూ, మీరే చెప్పండి" అన్నారు.

నేను పిల్లవాణ్ణి కోప్పడలేదు. కత్తి వద్దనీ అనలేదు. మన రికార్డు గదిలో దబ్బనం లేకుండా ఫైలు కుట్టగలిగామా? కాని ఆ దబ్బనం మొనకు ఎప్పుడూ ఒక బిరడా గుచ్చి ఉండేది. కుట్టడం అయిపోగానే బిరడా దాని మొనకు, దబ్బనం దాని డ్రాయరులోకి. మా అమ్మ కత్తిపీట కూడా అంతే. కూర తరగడం కాగానే పక్కకు వాల్చి, గోడవైపుకు జరిపితేనే లేచేది. కల్లుగీత కార్మికుణ్ణి చూడండి. మోకు పట్టుకుని తాడిచెట్టు ఎక్కేటప్పుడు రెండు చేతులూ ఖాళీ ఉండవు. కత్తులు నడుముకు కట్టుకున్న ముస్తాదులో ఉంటాయి. చెట్టు మీద ఎంత వంగినా జారిపడవు. పైకి వెళ్ళాక చూడకుండానే చేతికి వస్తాయి. పదునైన వస్తువుతో ప్రమాదం అది పదునుగా ఉండడం వల్ల రాదు. పని లేనప్పుడు అది ఎక్కడ ఉండాలో నిర్ణయించకపోవడం వల్ల వస్తుంది. అందుచేత ఆ రాత్రి కత్తి ఉండాలా వద్దా అన్న ప్రశ్న పక్కన పెట్టి, ఎక్కడ ఉండాలి అన్నదే చర్చకు తీసుకున్నాము. ఆఫీసులో ఇన్‌స్పెక్షనుకు ముందు చేసినట్టు ఒక్కొక్క వస్తువూ టేబులు మీద పెట్టించాను.

అల్లుడుగారు పదేళ్ళుగా ఈ ప్రయాణాలు చేస్తున్నవారు. ఆ రాత్రి ఆయన చెప్పినదీ, నేను అడిగి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను.

మొదటిది, కత్తి ఎలాంటిది కావాలి అన్నది. నాలుగంగుళాల అలుగు చాలు. అంతకు మించిన పొడవు దోనెలో కూర్చున్నప్పుడు తొడకు గుచ్చుకుంటుంది, వంగినప్పుడు అడ్డం వస్తుంది. ఒక్కవైపే పదును ఉండాలి. మడత కత్తి అయితే తెరిచాక దానంతట అది మూసుకుపోకుండా లోపల గట్టి పట్టు ఉండాలి. లేకపోతే కోసేటప్పుడు వేళ్ళ మీదికే ముడుచుకుంటుంది. పిడి రంగు ఎరుపో నారింజో అయితే మంచిది. నలుపు, ఆకుపచ్చ రంగుల పిడి గడ్డిలో పడితే దొరకదు. తుప్పు పట్టని ఉక్కు అయితే తడిలో బాగా ఉంటుంది. మామూలు ఉక్కుకు పదును సులభంగా వస్తుంది కాని ప్రతిసారీ తుడిచి నూనె రాయాలి. ఇంకొక మాట. బటను నొక్కితే ఎగిరి తెరుచుకునే కత్తులూ, చెయ్యి విదిలిస్తే తెరుచుకునే కత్తులూ కెనడా చట్టం ప్రకారం నిషిద్ధ ఆయుధాలు. ఇక్కడి బజారులో ముచ్చటపడి మనవడికి బహుమతిగా అలాంటిది కొని తీసుకుపోకండి.

రెండవది ఒర. కత్తికంటె ఒర ముఖ్యం. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని మనవాళ్ళన్నారు. ఒక కత్తికైనా సరిగా ఇమడని ఒరలు బజారులో చాలా ఉన్నాయి. తోలు ఒర చూడడానికి బాగుంటుంది. కాని నీటిలో నానితే మెత్తబడుతుంది. మెత్తబడిన తోలును మొన చీల్చుకుని బయటికి రాగలదు. ఆరడానికి కూడా రోజులు పడుతుంది, ఆలోగా కత్తికి తుప్పు ఎక్కుతుంది. గట్టి ప్లాస్టిక్ ఒర దీనికి మేలు. దాని అడుగున నీరు కారిపోవడానికి చిన్న రంధ్రం ఉండాలి. కత్తి లోపలికి పోయేటప్పుడు టక్కుమని పట్టాలి. పరీక్ష చాలా సులభం. గడ్డి మీద నిలబడి, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, ఒరను తలకిందులు చేసి గట్టిగా నాలుగుసార్లు ఊపాలి. కత్తి జారితే ఆ ఒర పనికిరాదు. మా మనవడి తోలు ఒర ఆ రాత్రి రెండవ ఊపుకే కత్తిని పెరట్లోకి వదిలేసింది. వాడే చూశాడు. ఆ తరువాత మేము చెప్పవలసిన అవసరం రాలేదు.

మూడవది, ఎక్కడ కట్టుకోవాలి అన్నది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. నడుము బెల్టుకు పెట్టుకోవడం నేల మీద బాగానే ఉంటుంది. కాని దోనెలో లైఫ్ జాకెట్టు తొడుక్కుంటే అది బెల్టును కప్పేస్తుంది. దిగి నడిచేటప్పుడు వీపు సంచి నడుము పట్టీ సరిగా అక్కడే పడుతుంది. కత్తి అక్కడ ఉందని తెలుసు, కాని చేతికి అందదు. మెడలో వేసుకుంటే చేతికి అందుతుంది గాని, నీటిలో పడినప్పుడు ఆ తాడు కొమ్మకో, దోనె అడ్డబద్దకో చిక్కుకుంటే మనిషి మెడకే ఉరి. కొందరు కత్తి పిడికి పొడవాటి తాడు కట్టి రెండవ కొస నడుముకు ముడివేస్తారు. పోకుండా ఉండడానికి అది ఉపాయమే. కాని నీటిలో తలకిందులైనప్పుడు ఒర లేని కత్తి ఆ తాడు చివర మన చుట్టూనే తిరుగుతుంది. అందుచేత సూత్రం ఇది: ఒరను ఒంటికి గట్టిగా బిగించాలి, కత్తిని ఒర పట్టి ఉంచాలి, వేలాడే తాడు ఏదీ ఉండకూడదు.

అల్లుడుగారి పద్ధతి ఏమిటంటే, చిన్న కత్తి ఒకటి, మొన మొద్దుగా ఉండేది, గట్టి ఒరతో సహా లైఫ్ జాకెట్టు ఛాతీ మీద అంటిపెట్టుకునేలా బిగించుకుంటారు. అది తాడు కోయడానికే. దానితో ఉల్లిపాయ కూడా తరగరు. మొన మొద్దుగా ఎందుకంటే, కంగారులో గుచ్చుకోకుండా. వంటకూ పుల్లలకూ వాడే రెండవ కత్తి ఒరలో పెట్టి, గుడ్డ చుట్టి, వంట గిన్నెలో పెట్టి, ఆ గిన్నెను నీరు చొరని సంచి మధ్యలో పెడతారు. సంచి బయటి జేబులో పెట్టరు. పడినప్పుడు వీపుకు తగిలేది అదే. దోనె అడుగున విడిగా అసలే పెట్టరు. గొడ్డలి, రంపం ఉంటే వాటికీ తొడుగు ఉండాలి.

ఇంతవరకు విని నేను ఒక ప్రశ్న అడిగాను. "బాబూ, మీది కుడిచేతి వాటం. కుడిచెయ్యి ఖాళీ లేకపోతే?" అన్నాను. ఆయన ఆలోచించారు. ఒర కుడిపక్కకు వాలి ఉంది. ఎడమచేతికి అందడం లేదు. జాకెట్టు తొడిగించి వంటింటి స్టూలు మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, మొదట కుడిచేత్తో, తరువాత ఎడమచేత్తో తీయించాము. ఒరను కాస్త మధ్యకు జరిపి, పిడి కిందికి వచ్చేలా మార్చి, మళ్ళీ తీయించాము. మా ఆవిడ, "ఈ వయసులో ఈ డ్రిల్లు ఏమిటండీ" అంది. ఏడెనిమిదిసార్లు చేసేసరికి రెండు చేతులకూ అలవాటయింది. మనవడికి మాత్రం ఒక ఒప్పందం కుదిరింది. వాడికి చిన్న మడత కత్తి ఒకటి. అది మకాంలో, పెద్దవాళ్ళలో ఒకరు పక్కన ఉన్నప్పుడు మాత్రమే. నీటి మీద ఉన్నంతసేపూ అది వంట సంచిలో ఉంటుంది. కొత్తగా కొన్న జానెడు కత్తి ఇంట్లో మా ఆవిడ సంరక్షణలో.

మర్నాడు కెనూ లేక్ అనే సరస్సులో దోనెలు దింపాము. పేరు కూడా దోనె సరస్సే. ఆ సరస్సు మీదనే టామ్ థామ్సన్ అనే గొప్ప చిత్రకారుడు 1917 జులైలో ఒంటరిగా దోనె మీద బయలుదేరి తిరిగి రాలేదు. ఎనిమిది రోజుల తరువాత శవం తేలింది. ఆ నీటిని బాగా ఎరిగిన మనిషి ఆయన. ఒడ్డున ఆయన జ్ఞాపకార్థం కట్టిన రాతి గుర్తు ఉంది. నీరు ఎవరి అనుభవాన్నీ లెక్కచెయ్యదని అక్కడి వారు ఇప్పటికీ ఆ కథ చెబుతారు.

ఆ సరస్సు చివర 295 మీటర్ల కాలిబాట దాటితే జో లేక్ వస్తుంది. అక్కడ ఒక నారింజ పలక దగ్గర మకాం వేశాము. రెండు రోజులు హాయిగా గడిచాయి. మనవడు కత్తి పని నేర్చుకున్నాడు. వాడికి చెప్పిన నియమాలు మీకూ చెబుతాను. కత్తి తీసే ముందు చెయ్యి చాపి చుట్టూ తిరగాలి. ఆ చుట్టులో మనిషి ఉండకూడదు. కూర్చునే కోయాలి. ఒళ్ళో పెట్టుకుని కోయకూడదు. తొడ లోపలివైపు పెద్ద రక్తనాళం ఉంది, అది తెగితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, ముందుకు, ఒంటికి దూరంగా కోయాలి. కోసినది పట్టుకోవడానికి లేచే ముందు కత్తి ఒరలోకి పోవాలి. ఒర లేని కత్తితో ఒక్క అడుగు కూడా నడవకూడదు. ఒకరికి ఇవ్వాలంటే కింద పెట్టాలి, వాళ్ళు తీసుకోవాలి. లేదా పిడివైపు అందించి, అవతలివారు "పట్టుకున్నా" అన్నాకే వదలాలి. చీకటి పడే ముందు కడిగి, తుడిచి, దాని చోట పెట్టాలి. చేప కోసిన కత్తిని గుడారంలోకి తేకూడదు. ఆ వాసనకు ఎలుగుబంట్లు వస్తాయి. తిండి సంచిని చెట్టుకొమ్మకు ఎత్తుగా వేలాడదీసేదీ అందుకే.

మూడవ రోజు సాయంత్రం గాలి లేచింది. మకాం ఒడ్డుకు మేము ముందు చేరాము. అల్లుడుగారి దోనె రాళ్ళ పక్కకు వస్తుండగా, ముందు కూర్చున్న మనవడు దిగబోయాడు. రాయి మీద పాచి ఉంది. కాలు జారింది. దోనె ఒక్కసారిగా ఒరిగింది. ఇద్దరూ నీటిలో పడ్డారు. లోతు పెద్దగా లేదు, వాడి ఛాతీ వరకే. కాని దోనె ముక్కుకు కట్టిన తాడు చుట్ట విడిపోయి వాడి చీలమండకు రెండు మెలికలు పడింది. నీటితో నిండిన దోనె బరువు మీకు తెలుసు. గాలి దానిని లోపలికి నెడుతోంది. అది వాడి కాలును లాక్కుపోతోంది. జాకెట్టు పైకి లేపుతోంది, తాడు పక్కకు లాగుతోంది. వాడి ముఖం రెండుసార్లు నీటి కిందికి పోయింది. మా అమ్మాయి కేక నాకు ఇప్పటికీ వినబడుతుంది. నేను ఒడ్డున ఉన్నాను. నాకు గుండెకు స్టెంటు వేశారు, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాను. అయినా నీటిలోకి దిగాను. అక్కడికి చేరేలోగానే పని అయిపోయింది.

అల్లుడుగారి కుడిచెయ్యి దోనె అంచును పట్టుకుని ఉంది. అది వదిలితే దోనె పిల్లవాణ్ణి లాక్కుపోతుంది. ఎడమచెయ్యి ఛాతీ మీదికి వెళ్ళింది, కత్తి వచ్చింది. కాలి దగ్గర కోయలేదు. దోనె ముక్కు దగ్గర, బిగుసుకుని ఉన్నచోట తాడు మీద ఒకే ఒక్క లాగు. తెగింది. తరువాత ఆయన చేసిన పని మీరు గమనించాలి. కొడుకును పట్టుకోకముందు కత్తిని ఒరలోకి నొక్కారు. టక్కుమన్న శబ్దం నాకు వినబడింది. ఆ తరువాతే వాణ్ణి రెండు చేతులతో ఎత్తారు. మొత్తం పది సెకన్లు పట్టి ఉంటుందేమో.

ఆ రాత్రి పొయ్యి దగ్గర తడిబట్టలు ఆరబెట్టుకుంటూ అందరం మౌనంగా కూర్చున్నాము. వంట సంచి దోనెలోంచి తేలి ఒడ్డుకు కొట్టుకువచ్చింది. విప్పి చూస్తే గిన్నె లోపల గుడ్డలో రెండు కత్తులూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అవి దోనె అడుగున విడిగా ఉండి ఉంటే పిల్లవాడి కాళ్ళ కింద ఉండేవి. మనవడు చాలాసేపటికి, "తాతయ్యా, నా కత్తి మెడలో ఉండి ఉంటే?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. వాడికి తెలుసు. వాడి చీలమండ చుట్టూ ఎర్రటి గీత నాలుగు రోజులు ఉంది. ఇంటికి వచ్చాక వాళ్ళ అమ్మమ్మకు ఆ గీత వాడే చూపించి, జరిగినదంతా వాడే చెప్పాడు. ఆవిడ విన్నది, లోపలికి వెళ్ళి జానెడు కత్తిని బీరువాలో ఇంకాస్త లోపలికి నెట్టింది.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. మనలో చాలామందికి పిల్లలు బయటి దేశాల్లో ఉన్నారు. సెలవులకు వెళుతుంటాము. విమానంలో చేతిసంచిలో కత్తి, కత్తెర, అడకత్తెర పెట్టుకోకండి. వక్కలు కత్తిరించుకునే అడకత్తెర కూడా లోపలికి వేసే పెట్టెలోనే పెట్టాలి. పెట్టెలోనైనా మొనకు అట్ట చుట్టి, గుడ్డలో కట్టి పెట్టండి. ఆ పెట్టెను తనిఖీకి విప్పేవాడూ మనలాంటి ఒక చిన్న ఉద్యోగే. వాడి వేలు తెగకూడదు.

ఇంకొకటి వయసుకు సంబంధించినది. మనలో సగంమంది రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవారే. చిన్న గాయమైనా రక్తం తొందరగా ఆగదు. శుభ్రమైన గుడ్డ పెట్టి, చూద్దామని మధ్యమధ్య తీయకుండా, పది పదిహేను నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోవాలి. ఆగకపోతే నొక్కి పట్టుకునే ఆసుపత్రికి వెళ్ళాలి. షుగరు వల్ల తిమ్మిరి ఉన్నవారికి తెగిన సంగతే తెలియకపోవచ్చు. కత్తి పని అయ్యాక చేతులు, కాళ్ళు ఒకసారి చూసుకోవాలి. ధనుర్వాతం ఇంజక్షను పదేళ్ళకొకసారి వేయించుకోవాలి. ఎప్పుడు వేయించుకున్నారో పింఛను పుస్తకం వెనక రాసి పెట్టుకోండి. మీరు వాడే మాత్రల పేర్లు కూడా ఒక కాగితం మీద రాసి జేబులో ఉంచుకోండి. నేను కెనడాలో ఆ కాగితాన్ని నీరు చొరని కవరులో పెట్టి జాకెట్టు జేబులో ఉంచాను.

చివరగా ఒక ప్రతిపాదన. ప్రతి సంవత్సరం కార్తీకమాసంలో మన సంఘం గోదావరి లంకకు పడవ మీద వనభోజనాలకు వెళుతోంది. కూరగాయల బుట్టల్లో, గోనెసంచుల్లో, మన ఆడవారి చేతిసంచుల్లో కత్తిపీటలూ చాకులూ విడిగా వస్తున్నాయి. ఆ బుట్టల మధ్యనే పిల్లలు ఆడుకుంటూ కూర్చుంటారు. పడవ ఒక్కసారి ఊగితే చాలు. ఇంతవరకు ఏమీ జరగలేదన్నది నిజమే. జరగలేదు కనుకనే ఇప్పుడు నిర్ణయం తీసుకోవడం సులభం.

నేను కార్యవర్గానికి కోరేది నాలుగు మాటల్లో చెబుతాను. ఒకటి, వంటకు కావలసిన కత్తులన్నీ మూత ఉన్న ఒక చెక్కపెట్టెలో వేసి, ఒక్కరి బాధ్యతలో తీసుకుపోవాలి. ఎక్కేటప్పుడు ఎన్ని, దిగేటప్పుడు ఎన్ని అని జాబితా రాసుకోవాలి. ఆ పని నాకు అప్పగించినా సంతోషమే, లెక్కలు మనకు కొత్త కాదు. రెండు, పెద్దలు పిల్లలు అనే భేదం లేకుండా లైఫ్ జాకెట్టు తొడుక్కోని వారిని పడవ ఎక్కించకూడదు. కెనడాలో దోనె చిన్నదైనా మనిషికొక జాకెట్టు, నీళ్ళు తోడే పాత్ర, ఈల, పదిహేను మీటర్ల తేలే తాడు ఉండితీరాలని నిబంధన. మన పడవవారిని కూడా ఇవి ఉన్నాయా అని ముందు రోజే అడగాలి. మూడు, పడవలో తాళ్ళు చుట్టలు చుట్టి, కాళ్ళ కింద పడకుండా పెట్టించాలి. నాలుగు, ఒడ్డుకు చేరాక పడవ మనిషి చెప్పేదాకా ఎవరూ లేవకూడదు. మా వాడు జారింది అక్కడే.

ఇవేమీ ఖర్చుతో కూడినవి కావు. చెక్కపెట్టె నేనే చేయించి ఇస్తాను. కార్యవర్గం దీనిని వచ్చే సమావేశపు అజెండాలో చేర్చవలసిందిగా కోరుతున్నాను.